లైబ్రరీ అప్‌గ్రేడ్ తర్వాత లైన్ల మధ్య ఎడం మారిపోతే ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. సర్వర్‌లో ప్యాంగో (అక్షరాలను లైన్లుగా అమర్చేది), కైరో (వాటిని పేజీ మీద గీసేది) లైబ్రరీలతో పీడీఎఫ్ రిపోర్టులు తయారు చేస్తున్నారు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు ప్యాంగో 1.42 నుంచి 1.50కి వెళ్లింది. కోడ్ ముట్టుకోలేదు, ఫాంట్ పేరూ సైజూ అవే. అయినా లైన్ల మధ్య ఎడం పెరిగి, ఒక పేజీలో సరిపోయే పట్టిక రెండో పేజీకి జారుతోంది. తెలుగు పేర్లున్న వరసల్లో తేడా ఇంకా ఎక్కువగా ఉంది. పాత వర్షన్‌నే లాక్ చేసి పెట్టుకోవాలా, లేక ప్రతి లైన్‌కూ 2 పిక్సెళ్లు తగ్గించి పని కానివ్వాలా అని అడిగారు.

రెండూ వద్దు. పాత వర్షన్‌ను లాక్ చేస్తే భద్రతా సవరణలు ఆగిపోతాయి, పైగా ఇదే పని రేపు ఇంకా పెద్ద అప్‌గ్రేడ్‌తో కలిపి నెత్తిన పడుతుంది. 2 పిక్సెళ్లు తీసేస్తే ఇప్పుడున్న సైజుకు సరిపోవచ్చు, శీర్షిక సైజుకు సరిపోదు. లైన్ ఎత్తు ఎంతో మీ కోడ్ ఎక్కడా చెప్పలేదు, దాన్ని ఫాంట్‌కూ లైబ్రరీకీ వదిలేసింది. ఇన్నాళ్లూ అవి ఇచ్చిన అంకె మీ పేజీకి సరిపోయింది, ఇప్పుడు వేరే అంకె ఇస్తున్నాయి. ఆ అంకె ఎక్కడ మారిందో ముందు కనిపెట్టండి. తర్వాత లైన్ ఎత్తును మీ చేతుల్లోకి తీసుకోండి. ఈ వరస తప్పితే మాత్రం వారం రోజులు తిరిగినా పని తెమలదు.

ఏదైనా కొలిచే ముందు, మారింది నిజంగా లైన్ ఎడమేనా అని చూసుకోండి. పాత పీడీఎఫ్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఒకే లైన్ వెడల్పు కొలవండి. వెడల్పు కూడా పెరిగితే అది ఎడం సమస్య కాదు, అక్షరాల సైజే మారింది. అప్పుడు అనుమానించాల్సింది రిజల్యూషన్ సెట్టింగ్‌ను. పాయింట్లను పిక్సెళ్లుగా మార్చేటప్పుడు ఒకచోట అంగుళానికి 72, ఇంకోచోట 96 అనుకుంటే ప్రతిదీ మూడో వంతు పెరుగుతుంది. వెడల్పూ ఎత్తూ రెండూ అదే నిష్పత్తిలో పెరిగాయంటే ఇక ఫాంట్ ఫైల్‌లోని కొలతల పట్టికల జోలికి పోనక్కర్లేదు.

వెడల్పు అంతే ఉండి ఎడం ఒక్కటే మారితే, వాడుతున్న ఫాంట్ పాతదేనా అన్నది రెండో ప్రశ్న. "ఫాంట్ మార్చలేదు" అని మీరు రాశారు, నమ్ముతాను. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌లో లైబ్రరీ ఒక్కటే రాదు, ఫాంట్ ప్యాకేజీలు కూడా కొత్తవి వస్తాయి. అదే పేరుతో ఉన్న ఫాంట్ కొత్త విడుదలలో నిలువు కొలతలు మార్చుకుని ఉండొచ్చు. పాత సర్వర్‌లోని ఫాంట్ ఫైల్‌కూ కొత్త సర్వర్‌లోని ఫైల్‌కూ చెక్‌సమ్ (ఫైల్‌లో ఏ కాస్త మారినా మారిపోయే గుర్తింపు అంకె) తీసి పోల్చండి. పేరు ఇస్తే తగిన ఫాంట్ ఫైల్‌ను ఎంచిపెట్టే లైబ్రరీ ఫాంట్‌కాన్ఫిగ్. దానితో వచ్చే ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌కు మీరు కోడ్‌లో ఇచ్చే ఫాంట్ పేరు ఇచ్చి, నిజంగా ఏ ఫైల్ ఎంపికవుతోందో రెండుచోట్లా చూడండి. రెండు నిమిషాల పని ఇది, కానీ సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా అనుభవం.

ప్యాంగో విషయంలో ఇంకో కోణం ఉంది. 2019లో వచ్చిన 1.44 విడుదల నుంచి బిట్‌మ్యాప్ ఫాంట్లకూ, పాత టైప్ 1 పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్లకూ మద్దతు తీసేశారు. మీ టెంప్లేట్‌లో అలాంటి ఫాంట్ పేరు ఉంటే, ఎర్రర్ ఏమీ రాకుండానే దాని స్థానంలో వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. అక్షరం రూపం కాస్త దగ్గరగా ఉంటే ఫాంట్ మారిందని కూడా అనిపించదు, ఎడం ఒక్కటే కనిపిస్తుంది.

ఫైలూ అదే, ఎంపికా అదే అని తేలాక అసలు విషయానికి వద్దాం. 1.44కి ముందు ప్యాంగో ఫాంట్ కొలతల్ని ఫ్రీటైప్ (ఫాంట్ ఫైల్‌ను చదివి అక్షరాల బొమ్మలు తయారు చేసే లైబ్రరీ) నుంచి తీసుకునేది. 1.44 నుంచి హార్ఫ్‌బజ్ (ఏ అక్షరం ఏ రూపంలో, ఎక్కడ రావాలో తేల్చే లైబ్రరీ) నుంచి తీసుకుంటోంది. మీరు 1.42 నుంచి 1.50కి దూకారు కాబట్టి ఆ గట్టు దాటేశారు. రెండు లైబ్రరీలూ చదివేది అదే ఫాంట్ ఫైల్‌ను. మరి అంకెలు ఎందుకు మారాలి?

ఎందుకంటే ఒక ఫాంట్ ఫైల్‌లో లైన్ ఎత్తు ఒక్కచోట రాసి ఉండదు, మూడుచోట్ల ఉంటుంది. హెచ్‌హెచ్‌ఈఏ అనే పట్టికలో అసెండర్, డిసెండర్, లైన్‌గ్యాప్ అని ఒక జత. ఓఎస్/2 అనే పట్టికలో టైపో అసెండర్, టైపో డిసెండర్, టైపో లైన్‌గ్యాప్ అని రెండో జత. అదే పట్టికలో విన్ అసెంట్, విన్ డిసెంట్ అని మూడో జత. బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే ఊహాగీత) నుంచి పైకి ఎంత చోటు కావాలో అసెండర్, కిందికి ఎంత కావాలో డిసెండర్, రెండు లైన్ల మధ్య అదనంగా ఎంత వదలాలో లైన్‌గ్యాప్ చెబుతాయి. మ్యాక్ మొదటి జతను వాడుతుంది. విండోస్‌లో అక్షరాలు గీసే పాత వ్యవస్థ జీడీఐ మూడో జతను వాడుతుంది, దాని హద్దు దాటిన అక్షర భాగాన్ని కత్తిరించేస్తుంది కూడా. రెండో జత ఈ గొడవను తీర్చడానికి ఉద్దేశించినది. అది వాడాలా వద్దా చెప్పడానికి ఓఎస్/2 పట్టికలోని ఎఫ్‌ఎస్‌సెలెక్షన్ అనే గడిలో ఏడో బిట్ ఒకటి పెట్టారు. దాన్ని యూజ్ టైపో మెట్రిక్స్ అంటారు.

హార్ఫ్‌బజ్ ఈ బిట్‌ను గౌరవిస్తుంది. బిట్ వేసి ఉంటే టైపో జత తీసుకుంటుంది, లేకపోతే హెచ్‌హెచ్‌ఈఏ, అదీ సున్నాలైతే మళ్లీ ఓఎస్/2 వైపు వస్తుంది. ఫ్రీటైప్ ఎంతోకాలం హెచ్‌హెచ్‌ఈఏకే పెద్దపీట వేసింది. ఒక ఫాంట్‌లో ఏడో బిట్ వేసి ఉండి, హెచ్‌హెచ్‌ఈఏ అంకెలూ టైపో అంకెలూ వేరువేరుగా ఉంటే, అప్‌గ్రేడ్ రోజున లైన్ ఎడం మారక తప్పదు. మూడు జతలూ పొంతన కుదిరేలా తయారు చేసిన ఫాంట్‌కు ఈ బాధ ఉండదు. గూగుల్ ఫాంట్స్ తన ఫాంట్లకు పెట్టుకున్న నియమం కూడా అదే: హెచ్‌హెచ్‌ఈఏ, టైపో అంకెలు సమానంగా ఉండాలి, లైన్‌గ్యాప్ సున్నా, ఏడో బిట్ వేసి ఉండాలి, విన్ అంకెలు మాత్రం అక్షరాలు పైకీ కిందికీ వెళ్లే అసలు హద్దుల్ని కప్పాలి.

ఇప్పుడు మీ ఫాంట్ సంగతి తేల్చే పద్ధతి చెబుతాను. దీన్ని మించిన దారి నాకు దొరకలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పైథాన్‌లో ఫాంట్‌టూల్స్ అనే ప్యాకేజీ ఉంది. దానితో వచ్చే టీటీఎక్స్ కమాండ్‌కు హెచ్‌హెచ్‌ఈఏ, ఓఎస్/2, హెడ్ పట్టికలు మాత్రమే కావాలని చెబితే మామూలు టెక్స్ట్‌లా చదువుకోగల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ ఇస్తుంది. హెడ్ పట్టికలో యూనిట్స్ పర్ ఎమ్ అన్న అంకె చూడండి. సాధారణంగా 1000 గానీ 2048 గానీ ఉంటుంది. మిగతా అంకెలన్నీ ఆ కొలబద్ద మీద రాసినవే. ఉదాహరణకు ఒక ఫాంట్‌లో యూనిట్స్ పర్ ఎమ్ 1000, హెచ్‌హెచ్‌ఈఏ అసెండర్ 900, డిసెండర్ మైనస్ 300, గ్యాప్ 0 అనుకుందాం. టైపో అసెండర్ 800, డిసెండర్ మైనస్ 200, గ్యాప్ 100. విన్ అసెంట్ 1100, డిసెంట్ 400. అంటే ఈ ఒక్క ఫాంట్ నుంచి లైన్ ఎత్తుగా నాలుగు అంకెలు రావచ్చు: హెచ్‌హెచ్‌ఈఏ ప్రకారం 1200, టైపో ప్రకారం గ్యాప్ లేకుండా 1000, గ్యాప్‌తో 1100, విన్ ప్రకారం 1500.

ఇప్పుడు చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాయండి. రెండు లైన్ల టెక్స్ట్, మీ ఫాంట్, సైజు మాత్రం సరిగ్గా 1000 పిక్సెళ్లు. పాయింట్లలో ఇవ్వకండి, ఫాంట్ డిస్క్రిప్షన్‌కు అబ్సల్యూట్ సైజు ఇచ్చే ఫంక్షన్ వాడండి. ప్యాంగో కొలతల్లో ఒక పిక్సెల్‌కు 1024 భాగాలు కాబట్టి ఇవ్వాల్సిన విలువ 1000 ఇంటూ 1024. తర్వాత లైన్లను ఒక్కొక్కటిగా చూపే లేఅవుట్ ఇటరేటర్‌తో మొదటి లైన్ బేస్‌లైన్, రెండో లైన్ బేస్‌లైన్ అడిగి, తేడాను 1024తో భాగించండి. సైజు యూనిట్స్ పర్ ఎమ్‌తో సమానం కాబట్టి వచ్చిన అంకె నేరుగా ఫాంట్ పట్టికలోని అంకె అవుతుంది. 1200 వస్తే లైబ్రరీ హెచ్‌హెచ్‌ఈఏ చదువుతోంది. 1000 గానీ 1100 గానీ వస్తే టైపో, 1500 వస్తే విన్. 2048 యూనిట్ల ఫాంట్ అయితే సైజు 2048 పెట్టండి, అంతే.

ఇదే ప్రోగ్రామ్‌ను పాత కంటైనర్‌లోనూ (ప్రోగ్రామ్‌నూ దాని లైబ్రరీలనూ కలిపి విడిగా నడిపే పెట్టె) కొత్త కంటైనర్‌లోనూ నడపండి. పాతదానిలో 1200, కొత్తదానిలో 1000 లాంటి తేడా వస్తే దోషి పట్టుబడినట్టే, పట్టిక ఎంపిక మారింది. రెండుచోట్లా ఒకే అంకె వస్తే పట్టిక ఎంపికలో తేడా లేదు, అప్పుడు అనుమానం రౌండింగ్ మీదికి, ఫాల్‌బ్యాక్ ఫాంట్ల (అడిగిన ఫాంట్‌లో లేని అక్షరాల కోసం తెచ్చే వేరే ఫాంట్ల) మీదికి మళ్లుతుంది. పెద్ద సైజులో కొలవమనడానికి కారణం కూడా ఇదే. 1000 పిక్సెళ్ల దగ్గర ఒక పిక్సెల్ రౌండింగ్ కనిపించనే కనిపించదు, 16 పిక్సెళ్ల దగ్గర అదే పేజీని తలకిందులు చేస్తుంది.

రౌండింగ్ ఎంత పని చేస్తుందో పై ఫాంట్‌తోనే చూద్దాం. సైజు 16 పిక్సెళ్లు, హెచ్‌హెచ్‌ఈఏ అంకెలు. అసెండర్ 14.4, డిసెండర్ 4.8, మొత్తం 19.2. ఫ్రీటైప్ తన సైజు కొలతల్లో అసెండర్‌ను పైకి సవరించి 15 అంటుంది, డిసెండర్‌ను కిందికి సవరించి 5 అంటుంది, మొత్తం ఎత్తును మాత్రం దగ్గరి అంకెకు సవరించి 19 అంటుంది. చూడండి, అసెండర్ డిసెండర్ కూడితే 20, ఎత్తు అడిగితే 19, రౌండింగ్ లేకుండా లెక్కిస్తే 19.2. ఒకే ఫాంట్, ఒకే పట్టిక, ఒకే సైజు. 40 లైన్ల పేజీలో ఇవి వరసగా 800, 760, 768 పిక్సెళ్లు అవుతాయి. 800కీ 760కీ మధ్య తేడా రెండు లైన్లు. మీ పట్టిక రెండో పేజీకి జారడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

రౌండింగ్ అవునో కాదో తేల్చడానికి 10 నుంచి 30 పిక్సెళ్ల దాకా ఒక్కొక్క సైజులో బేస్‌లైన్ తేడా కొలిచి పక్కపక్కన రాసుకోండి. ఫాంట్ పట్టిక ఎంపిక మారితే పాత, కొత్త అంకెల నిష్పత్తి అన్ని సైజుల్లో దాదాపు ఒకటే ఉంటుంది. రౌండింగ్ అయితే తేడా ఎప్పుడూ ఒకటి, రెండు పిక్సెళ్ల లోపే తిరుగుతూ, ఒక సైజులో ఉండి మరో సైజులో మాయమవుతుంది. ఈ రెండు నమూనాలూ ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

కైరోలో దీనికి సంబంధించిన సెట్టింగ్ హింట్ మెట్రిక్స్. అది ఆన్‌లో ఉంటే కొలతలు పూర్తి పిక్సెళ్లకు సవరించబడతాయి, ఆఫ్‌లో ఉంటే భిన్నాలతోనే ఉంటాయి. కైరో దేని మీద గీస్తుందో దాన్ని సర్ఫేస్ అంటారు. పీడీఎఫ్ సర్ఫేస్ తనంతట తాను దీన్ని ఆఫ్‌లో పెట్టుకుంటుంది, ఇమేజ్ సర్ఫేస్ అలా చేయదు. మీ కోడ్‌లో లేఅవుట్‌ను ముందు ఒక ఇమేజ్ సర్ఫేస్ మీద తయారు చేసి, కొలిచి, తర్వాత పీడీఎఫ్ మీద గీస్తున్నారేమో చూసుకోండి. అలా అయితే కొలిచిన ఎత్తు ఒకటి, గీసిన ఎత్తు ఇంకొకటి. సర్ఫేస్ మారినప్పుడల్లా అప్‌డేట్ లేఅవుట్ ఫంక్షన్ పిలవాలి, లేదా కాంటెక్స్ట్‌కు ఫాంట్ ఆప్షన్లు మీరే ఇచ్చి హింట్ మెట్రిక్స్ రెండుచోట్లా ఒకేలా ఉంచాలి. రిపోర్టుల పనికి ఆఫ్‌లో ఉంచడమే మంచిది. కాగితం మీద పిక్సెల్ హద్దులు లేవు, రౌండింగ్ చేయడానికి కారణమూ లేదు.

ఇక తెలుగు వరసల్లో తేడా ఎందుకు ఎక్కువ అన్నది. ఇది మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన భాగం. కోడ్‌లో మీరు ఇచ్చింది ఇంగ్లిష్ ఫాంట్ పేరు అయి ఉంటుంది. అందులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ఫాంట్‌కాన్ఫిగ్ ఫాల్‌బ్యాక్‌గా ఒక తెలుగు ఫాంట్‌ను తెస్తుంది. లైన్‌లో ఉన్న ప్రతి ఫాంట్ ముక్క తన అసెండర్, డిసెండర్‌తో వస్తుంది, లైన్ ఎత్తు వాటన్నిటిలో పెద్దదాన్ని బట్టి నిర్ణయమవుతుంది. తెలుగు ఫాంట్లకు డిసెండర్ లోతుగా ఉండక తప్పదు. "రాష్ట్రం", "స్త్రీ", "వైశిష్ట్యం" లాంటి మాటల్లో వత్తు కింద వత్తు వస్తుంది, పైన గుడి, దీర్ఘాలు ఉంటాయి. ఆ చోటు ఇవ్వకపోతే కింది లైన్ తలకట్టుకు పై లైన్ వత్తు తగులుతుంది. కాబట్టి "తెలుగు ఫాంట్ ఎత్తు ఎక్కువ తింటోంది" అని కోపగించుకుని దాని అంకెలు కోసేయకండి. అది చేస్తున్నది సరైన పనే.

ఇక్కడ చూడాల్సింది వేరే. తెలుగు ఉన్న లైన్లూ లేని లైన్లూ వేరువేరు ఎత్తుల్లో వస్తున్నాయా? మూడు రకాల లైన్లు పెట్టి పరీక్షించండి: అన్నీ ఇంగ్లిష్ ఉన్నది, అన్నీ తెలుగు ఉన్నది, రెండూ కలిసినది. ప్రతి లైన్ లాజికల్ దీర్ఘచతురస్రాన్ని (ప్యాంగో ఆ లైన్‌కు కేటాయించే చోటును) సన్నని గీతతో గీయించండి. గీతలు కంటికి కనిపిస్తే పది నిమిషాల్లో అర్థమైపోతుంది. ఇంగ్లిష్ లైన్ పాత ఎత్తులోనే ఉండి తెలుగు లైన్ మాత్రమే పెరిగితే ఫాల్‌బ్యాక్ ఫాంట్ మారింది, లేదా దాని కొలతలు చదివే తీరు మారింది. మూడూ పెరిగితే ప్రధాన ఫాంట్‌లోనే విషయం ఉంది. ఇంకొకటి కూడా గమనించండి, ఒకే కుటుంబంలో మామూలు ఫాంట్‌కూ బోల్డ్ ఫాంట్‌కూ నిలువు కొలతలు వేరుగా ఉన్న ఫాంట్లు ఉన్నాయి. మొత్తం లెక్క బోల్డ్‌లో వేసే వరస ఒక్కటే లావుగా వస్తుంటే కారణం అదే.

ఫాల్‌బ్యాక్‌ను అదృష్టానికి వదలకండి. ఫాంట్ డిస్క్రిప్షన్‌లో ఇంగ్లిష్ ఫాంట్ పేరు తర్వాత కామా పెట్టి మీకు కావలసిన తెలుగు ఫాంట్ పేరు కూడా రాయండి. ఆ రెండు ఫాంట్ ఫైళ్లనూ మీ అప్లికేషన్‌తోపాటే పంపించి, ఫాంట్‌కాన్ఫిగ్‌కు ఆ ఫోల్డర్ చూపించండి. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్ని ఫాంట్ ప్యాకేజీలు మార్చినా మీ రిపోర్టుకు సంబంధం ఉండదు. లైబ్రరీ వర్షన్ లాక్ చేయడం తప్పు అన్నాను కానీ, ఫాంట్ ఫైల్ లాక్ చేయడం తప్పు కాదు. పైగా అది తప్పనిసరి అనుకుంటాను. ఫాంట్ మీ డాక్యుమెంట్‌లో భాగం.

ఇక సరిచేయడం. ప్యాంగోలో దీనికి మూడు నాలుగు దారులు కనిపిస్తాయి, అన్నీ ఒకటి కావు.

లేఅవుట్‌కు స్పేసింగ్ ఇచ్చే పాత ఫంక్షన్ రెండు లైన్ల మధ్య అదనపు ఎడం మాత్రమే చేరుస్తుంది. లైన్ ఎత్తు ఇప్పటికీ ఫాంట్ చేతిలోనే ఉంటుంది. మీరు అడిగిన "2 పిక్సెళ్లు తగ్గించడం" ఇదే, మైనస్ విలువతో. మారే అంకె మీద కదలని అంకె కలిపితే ఫలితం మారుతూనే ఉంటుంది.

1.44లో లైన్ స్పేసింగ్ అనే కొత్త ఫంక్షన్ వచ్చింది. దీనికి గుణకం ఇస్తారు: 1, 1.5, 2 అలా. సున్నా అయితే పాత పద్ధతి. సున్నా కాకపోతే పై బేస్‌లైన్ నుంచి కింది బేస్‌లైన్‌కు దూరం అంటే గుణకం ఇంటూ కింది లైన్ ఎత్తు. అప్పుడు పాత స్పేసింగ్ విలువను పట్టించుకోదు. చాలామంది ఇక్కడ 1 పెట్టి, పాత ఎడం తిరిగి వస్తుందని ఎదురుచూస్తారు. రానక్కర్లేదు, ఎందుకంటే ఆ లైన్ ఎత్తు మళ్లీ ఫాంట్ నుంచే వస్తోంది. ఫాంట్ సూచించే ఎత్తులో లైన్‌గ్యాప్ కూడా ఉంటుంది కాబట్టి గ్యాప్ ఉన్న ఫాంట్‌కు ఎడం ఇంకా పెరుగుతుంది. తెలుగు లైన్‌కు ఒక ఎడం, ఇంగ్లిష్ లైన్‌కు ఒక ఎడం అన్న సమస్య కూడా అలాగే ఉంటుంది. వ్యాసాల్లాంటి పారే టెక్స్ట్‌కు ఇది బాగుంటుంది, పట్టికలకు కాదు.

1.50లో లైన్ హైట్ అనే ఆట్రిబ్యూట్ వచ్చింది. ఇందులో గుణకమూ ఇవ్వొచ్చు, అబ్సల్యూట్ ఎత్తూ ఇవ్వొచ్చు. మీకు కావలసింది రెండోది. 12 పాయింట్ల అక్షరానికి లైన్ ఎత్తు 18 పాయింట్లు కావాలంటే అదే రాయండి. ఫాంట్ పట్టికలో ఏ అంకె ఉన్నా, హార్ఫ్‌బజ్ ఏ జత చదివినా లైన్ 18 పాయింట్లే. ఆట్రిబ్యూట్‌ను టెక్స్ట్ మొత్తానికి వర్తించేలా పెట్టండి. ఒక ముక్కకే పెడితే మిగతా ముక్కలు తమ సొంత ఎత్తుతో లైన్‌ను సాగదీస్తాయి.

మీ కోడ్ ఇంకా పాత ప్యాంగో ఉన్న సర్వర్ల మీద కూడా నడవాలంటే, అన్ని వర్షన్లలో ఒకేలా పనిచేసే దారి ఒకటుంది, కాస్త చేతిపని ఎక్కువ. లేఅవుట్‌ను లైన్లుగా విరగ్గొట్టే పనికి మాత్రమే ప్యాంగోను వాడండి. తర్వాత ఒక్కో లైన్ తీసుకుని, బేస్‌లైన్ స్థానం మీరే లెక్కగట్టి, షో లేఅవుట్ లైన్ ఫంక్షన్‌తో అక్కడ గీయండి. మొదటి బేస్‌లైన్ ఫలానా చోట, ఆ తర్వాత ప్రతి లైన్‌కూ 18 పాయింట్లు కిందికి. ఆ ఫంక్షన్ గీత మొదలుపెట్టేది బేస్‌లైన్ దగ్గర్నుంచే, అందువల్ల అసెండర్ లెక్క మధ్యలో రాదు. పట్టికలు, లేబుళ్లు, ముందే అచ్చేసిన ఫారాల మీద ప్రింట్ చేసే పనులకు నేను సలహా ఇచ్చేది ఎప్పుడూ ఇదే. మామూలు లేఅవుట్ పై అంచు నుంచి మొదలవుతుంది కాబట్టి అసెండర్ మారితే మొదటి లైన్ కూడా కదిలిపోతుంది. ఎడం సరిచేశాక కూడా "అంతా ఒక చుక్క కిందికి జారింది" అని ఫిర్యాదు వచ్చేది అందుకే. బేస్‌లైన్ నుంచి గీస్తే ఆ తంటా ఉండదు.

18 పాయింట్లు అన్నది ఊరికే అన్న అంకె కాదని కూడా చెప్పాలి. ఇంగ్లిష్ ఒక్కటే ఉన్న పట్టికకు అక్షరం సైజుకు 1.2 రెట్లు సరిపోతుంది. తెలుగుకు 1.5 దగ్గర మొదలుపెట్టి, మీ డేటాలో నిజంగా వచ్చే మాటల్లో అన్నిటికన్నా లోతైన ఒత్తక్షరం ఉన్న మాటను పై లైన్‌లోనూ, గుడి దీర్ఘం ఉన్న మాటను సరిగ్గా దాని కింద లైన్‌లోనూ పెట్టి చూడండి. రెండూ తగలకుండా, మధ్యలో కాస్త తెలుపు కనిపించేవరకు సర్దండి. ఫాంట్‌ను బట్టి ఈ అంకె మారుతుంది, ఒక ఫాంట్‌కు 1.4 చాలు, ఇంకోదానికి 1.6 కావాలి. ఇంకు పరిధిని, అంటే అక్షరాలు నిజంగా పడే చోటును, చెప్పే దీర్ఘచతురస్రం కూడా ప్యాంగో ఇస్తుంది. లాజికల్ పరిధి కన్నా ఇంకు పరిధి కిందికి పొడుచుకు వస్తే వత్తు లైన్ దాటుతోందన్నమాట.

ఫాంట్ ఫైల్‌నే దిద్దేస్తే పోతుంది కదా అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఫాంట్‌టూల్స్‌తో అది నిజంగానే చిన్న పని. కానీ మూడు విషయాలు చూసుకోండి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్న ఫాంట్‌లో రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్ ప్రకటించి ఉంటే, దిద్దిన ఫైల్‌ను పాత పేరుతో పంచకూడదు, పేరు మార్చాలి. పేరు మార్చకపోతే ఇంకో ప్రమాదం కూడా, సిస్టమ్‌లో అదే పేరుతో అసలు ఫాంట్ ఉంటే ఏది ఎంపికవుతుందో చెప్పలేం. ఇక విన్ అంకెల్ని తగ్గించకండి, పాత విండోస్ అప్లికేషన్లలో వత్తులు సగానికి తెగిపోతాయి. దిద్దాలనే నిర్ణయించుకుంటే హెచ్‌హెచ్‌ఈఏ, టైపో జతల్ని సమానం చేయండి, ఏడో బిట్ వేయండి, విన్‌ను అక్షరాల అసలు హద్దుకు ఉంచండి. సొంతంగా ఫాంట్ తయారు చేయించుకున్న సంస్థకైతే ఇదే శాశ్వత పరిష్కారం. బయటి ఫాంట్ వాడేవారికి ఇది కొత్త బాధ్యత తెచ్చిపెడుతుంది, ప్రతి కొత్త విడుదలకూ మళ్లీ దిద్దుకోవాలి.

ఇదే చిక్కుతో ప్యాంగో కాకుండా వేరేవి వాడేవారు కూడా ఇక్కడికి వస్తారు కాబట్టి క్లుప్తంగా. ఆండ్రాయిడ్‌లో జెట్‌ప్యాక్ కంపోజ్ 1.6కి వెళ్లినవారికి టెక్స్ట్ పైనా కిందా ఖాళీ తగ్గి ఉంటుంది, ఆ వర్షన్ నుంచి ఇన్‌క్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ అనేది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసిన యాప్‌లలో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ దానంతట అదే ఆన్ అవుతుంది, దాని ప్రభావం పడే లిపుల్లో తెలుగు కూడా ఉంది. తెలుగు లైన్లు ఉన్నట్టుండి ఎత్తు పెరిగితే ముందు టార్గెట్ ఎస్‌డీకే 35 అయిందేమో చూడండి. దాన్ని ఆఫ్ చేయాలని తొందరపడకండి, అక్షరాలు నొక్కుకుపోకుండా పూర్తి ఎత్తులో రావడానికే అది ఉంది. లేఅవుట్‌నే దానికి తగ్గట్టు సర్దుకోవడం మంచిది. వెబ్ పేజీల్లో అయితే లైన్ హైట్ నార్మల్‌గా వదిలేయడమే మూల కారణం. యూనిట్ లేని గుణకం ఇవ్వండి, ఉదాహరణకు 1.6. ఫాంట్‌ఫేస్ నియమంలో అసెంట్ ఓవర్‌రైడ్, డిసెంట్ ఓవర్‌రైడ్, లైన్‌గ్యాప్ ఓవర్‌రైడ్ అనేవి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో పనిచేస్తాయి. సఫారీ మీద వాటిని నమ్ముకోకండి.

మీ విషయానికే తిరిగి వస్తే, సరిచేశాక ఒక చిన్న పరీక్షను బిల్డ్‌లో చేర్చండి. పీడీఎఫ్ బొమ్మలను పిక్సెల్ పిక్సెల్ పోల్చే పరీక్ష కాదు, అది రెండరింగ్‌లో ప్రతి చిన్న మార్పుకూ అరుస్తుంది, నెల తిరిగేసరికి అందరూ దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. మూడు రకాల లైన్ల బేస్‌లైన్ దూరాల్ని అంకెలుగా కొలిచి, మీరు నిర్ణయించిన ఎత్తుతో పోల్చే పరీక్ష చాలు. దాంతోపాటు లేఅవుట్ నిజంగా వాడిన ఫాంట్ ఫైళ్ల పేర్లను లాగ్‌లో రాయించండి. ఈసారి అప్‌గ్రేడ్‌లో ఏదైనా కదిలితే అంకె మారిందా, ఫాంట్ మారిందా అన్నది మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

ఇప్పటికే వినియోగదారుల చేతుల్లో ఉన్న పాత రిపోర్టులతో కొత్తవి అచ్చంగా సరిపోవాలన్న షరతు మీకు ఉంటే, పాత కంటైనర్‌ను చెరిపేయకముందే అందులో 1000 పిక్సెళ్ల కొలతా, మీరు వాడే ప్రతి సైజులో బేస్‌లైన్ దూరమూ, మొదటి లైన్ బేస్‌లైన్ పేజీ పై అంచుకు ఎంత దూరంలో ఉందో కూడా కొలిచి రాసిపెట్టుకోండి. కొత్త కోడ్‌లో ఇవ్వాల్సిన అబ్సల్యూట్ ఎత్తులు అవే. ఆ అంకెలూ, ఫాంట్ పేరూ, టీటీఎక్స్ ఇచ్చిన మూడు జతలూ ఇక్కడ పెడితే మీ ఫాంట్‌లో ఏ జత మారిందో చూసి చెబుతాను.